పెద్ద బ్యాక్‌గ్రౌండ్ స్టాంపు ముద్ర నిండుగా పడాలంటే

ఉగాది కార్డుకో, సీమంతం పిలుపుకో కార్డు వెనకతలం అంతా లతలతోనో చుక్కల ముగ్గుతోనో నింపే పెద్ద రబ్బరు స్టాంపే బ్యాక్‌గ్రౌండ్ స్టాంపు. చిన్న పువ్వు స్టాంపు కొట్టినంత సులువుగా దీని ముద్ర పడదు. అంచులు ముదురుగా పడతాయి, నడుమ తేలిపోతుంది, ఒక మూల అసలే అంటదు. స్టాంపు నాసిరకమనుకుని చాలామంది దాన్ని డబ్బాలో పడేస్తారు. నిజానికి స్టాంపులో లోపం ఉండడం అరుదు. ఒత్తిడి నడుమదాకా చేరకపోవడం ఒక కారణం, ముద్ర పడేలోపే ఇంకు ఆరిపోవడం రెండోది. కడప, అనంతపురం, కర్నూలు వైపు ఈ రెండోది చాలా పెద్ద సమస్య. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే పొడి ఎండలో, ఫ్యాను కింద, పలచటి ఇంకు నిమిషం కూడా నిలవదు. చల్లటి దేశాలవాళ్ల వీడియోల్లో చూసిన పద్ధతి మన ఇంట్లో విఫలమయ్యేది ఇక్కడే.

ఒత్తిడి లెక్క

2.5 సెం.మీ. చదరపు స్టాంపు వైశాల్యం 6 చదరపు సెం.మీ. పైచిలుకు. 11×14 సెం.మీ. స్టాంపుది 154. అంటే దాదాపు 25 రెట్లు. మీరు చేత్తో 10 కిలోల బరువు మోపారనుకోండి. చిన్న స్టాంపుకు ఆ పదీ అందుతాయి. పెద్దదానిలో అంతే చోటుకు 400 గ్రాములే వస్తాయి. పైగా పెద్ద బ్లాకును రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని నొక్కుతాం కాబట్టి నడుమకు అది కూడా సరిగా చేరదు.

అందుకే పెద్ద స్టాంపును కాగితం మీద కొట్టకూడదు. స్టాంపును ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, కాగితాన్ని దాని మీద పరిచి, కాగితం వీపు మీద వేళ్లతో కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ పోవాలి. అప్పుడు మీ బలమంతా ఏ క్షణానికైనా వేళ్ల కింద ఉన్న చిన్న చోటుకే పోతుంది. చెక్క పిడి ఉన్న స్టాంపుకైనా, ఫోమ్ అతికించిన రబ్బరుకైనా, అక్రిలిక్ బ్లాకుకు అంటించే పారదర్శక స్టాంపుకైనా ఇదే పద్ధతి.

కింద ఏముండాలి

సమతలంగా ఉండే గట్టి ఆధారం కావాలి. ప్లాస్టిక్ టీపాయ్, పరుపు, ఒళ్లో పెట్టుకున్న అట్ట పనికిరావు. మన వైపు దీనికి కొదవ లేదు. వంటింటి గట్టుకు వేసే పాలిష్ చేసిన కడప నల్లబండ ముక్క, 30×40 సెం.మీ. ది, బండల షాపులో మిగులు ముక్కగా దొరుకుతుంది. గ్రానైటు గట్టు కూడా బాగుంటుంది. పాలిష్ లేని నాపరాయిలో ఎత్తుపల్లాలు ఉంటాయి, అది వద్దు. స్టీలు స్కేలును బండ మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. స్కేలు కింద నుంచి వెలుగు ఎక్కడా రాకపోతే బండ పనికొస్తుంది.

పారదర్శక స్టాంపు కింద మాత్రం కొద్దిగా మెత్తన ఉండాలి, ఎందుకంటే దానికి వెనక ఫోమ్ ఉండదు. 2, 3 మి.మీ. మందం ఫోమ్ షీటు గానీ గీతల్లేని పాత మౌస్ ప్యాడ్ గానీ చాలు. ఫోమ్ అతికించి ఉన్న ఎర్ర రబ్బరు స్టాంపును నేరుగా బండ మీదే పెట్టండి. ఆ మెత్తన మీద ఇంకో మెత్తన వేస్తే కాగితం గాడుల్లోకి కుంగి, అక్కడి మరకలు కూడా అంటించుకుంటుంది.

స్టాంపు ఎంపిక, ఊళ్లోనే చేయించుకోవడం

చెక్కిన ఎర్ర రబ్బరు సన్నటి గీతలను బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ఫొటోపాలిమర్‌తో చేసే పారదర్శక స్టాంపు చవక, ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. కానీ కొత్తదాని ముఖం మీద జారుడు పొర ఉంటుంది. ఆ పొర మీద ఇంకు సమంగా పరుచుకోక బొట్లుబొట్లుగా నిలుస్తుంది. మొదటిసారి వాడేముందు తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో, ముఖమంతా మెల్లగా రుద్ది, పొడి తుడిచేయండి. తర్వాత రెండు ముద్రలు చిత్తు కాగితం మీద వేస్తే దారికొస్తుంది.

ఆన్‌లైన్‌లో నచ్చిన డిజైను దొరక్కపోతే చేయించుకోవచ్చు. ఆఫీసు ముద్రలు చేసే షాపుల్లో లేజర్ మిషన్ ఉన్నచోట 2.3 మి.మీ. మందం రబ్బరు షీటు మీద చెక్కిస్తారు. వాళ్లకు ఇచ్చే బొమ్మ పూర్తిగా నలుపు-తెలుపులో, 600 డీపీఐలో ఉండాలి. బూడిద రంగు నీడలు ఉండకూడదు. గీత 0.3 మి.మీ. కంటే సన్నం కాకూడదు. అక్షరాలుంటే అద్దంలో కనిపించినట్టు తిప్పమని గుర్తుచేయండి. డిజైనులో 2 సెం.మీ. మించిన ఖాళీలు పెట్టకండి. అంత వెడల్పు ఖాళీలో వేళ్లు పడగానే కాగితం కిందికి కుంగి మురికి అంటుతుంది. లేపాక్షి లతా మంటపం స్తంభాల మీది నమూనాలు ఇందుకే బాగా కుదురుతాయి: ఒకే అల్లిక పదే పదే వస్తుంది, పెద్ద ఖాళీ ఎక్కడా ఉండదు. ఫొటోను ఉన్నదున్నట్టు ఇస్తే రాతి నీడలు కూడా చెక్కుడు పడతాయి. ట్రేసింగ్ పేపరు మీద గీతలుగా ఎత్తి రాసుకుని, దాన్ని స్కాన్ చేయించి ఇవ్వండి. లేజర్ చెక్కిన రబ్బరులో మసి ఉంటుంది. సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, లేకపోతే మొదటి నాలుగైదు ముద్రలు నల్లపొడితో పాడవుతాయి.

ఇంకు

మన వాతావరణంలో పని సగం ఇంకు ఎంపికతోనే తేలిపోతుంది.

డై ఇంకు నీటి ఆధారం, కాగితంలోకి ఇంకిపోతుంది, త్వరగా ఆరుతుంది. మెమెంటో బ్రాండు ఇంకు ఈ రకమే. చలికాలం పొద్దున పూట పెద్ద స్టాంపుకూ బాగానే పనిచేస్తుంది, మే నెలలో మధ్యాహ్నం చేయదు. ఒక చివర నుంచి ఇంకు అద్దుకుంటూ రెండో చివరకు వచ్చేసరికి మొదటి చివర ఆరిపోతుంది. పిగ్మెంట్ ఇంకు చిక్కగా, కాగితం మీద పొరలా నిలిచి, నిదానంగా ఆరుతుంది. నూనె కలిసిన పిగ్మెంట్ రకమైన వెర్సాఫైన్ ముదురు నలుపులకూ సన్నటి గీతలకూ మంచిది. ఎండాకాలంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పిగ్మెంట్‌తోనే మొదలుపెట్టాలని మా గట్టి సలహా. అయితే ముద్రను ముట్టకుండా కనీసం అరగంట ఆరనివ్వాలి, నున్నటి కాగితమైతే రాత్రంతా వదిలేయడం మేలు. డిస్ట్రెస్ ఆక్సైడ్ లాంటి డై-పిగ్మెంట్ మిశ్రమాలు రెంటికీ నడుమ ఉంటాయి, లేత రంగుల బ్యాక్‌గ్రౌండుకు అవి చక్కగా ఒదుగుతాయి.

ఆఫీసుల్లో వాడే ఊదా స్టాంప్ ప్యాడ్ మాత్రం వాడకండి. ఆ ఇంకు మామూలు కాగితంలో నూలుపోగుల్లా చుట్టూ పాకుతుంది, నున్నటి కార్డు మీద రోజుల తరబడి వేలికి అంటుతూనే ఉంటుంది.

ప్యాడ్ ముఖం అంచు కంటే పైకి ఉబ్బి ఉండాలి. లోపలికి దిగి ఉన్న ప్యాడ్‌తో పెద్ద స్టాంపుకు ఇంకు పెట్టడం కుదరదు, ప్యాడ్ అంచు స్టాంపుకు తగిలి గీతలు పడతాయి. మన పొడి గాలిలో ప్యాడ్‌లూ త్వరగా ఎండుతాయి. రీఇంకర్ సీసా కూడా కొనుక్కోండి. ప్యాడ్ మీద 10, 15 చుక్కలు వేసి, పాత ప్లాస్టిక్ కార్డుతో పరిచి, మూత పెట్టి, బోర్లించి రాత్రంతా ఉంచితే ఇంకు ముఖానికి దిగుతుంది.

కాగితం

250 నుంచి 300 జీఎస్ఎం, నున్నటి, పూత లేని తెల్ల కార్డ్‌షీట్ తీసుకోండి. మెరుపు పూత ఉన్న ఆర్ట్ కార్డు మీద ముద్ర జారుతుంది. గరుకు డ్రాయింగు షీటు మీదా, చేతితో చేసిన కాగితం మీదా సన్నటి గీతలు తెగిపోతాయి. లావు గీతల డిజైనుకు ఆ తెగుడు కొన్నిసార్లు అందంగానే ఉంటుంది, అది మీ ఇష్టం.

స్టాంపు కంటే కాగితం నాలుగు వైపులా 1 సెం.మీ. ఎక్కువ ఉండాలి. ముద్ర పడ్డాక కోసుకుంటే అంచు దాకా డిజైను వస్తుంది, పట్టుకోవడానికి చోటూ ఉంటుంది. 11×14 స్టాంపుకు 13×16 ముక్క కావాలి. ఏ4 షీటులో రెండు వస్తాయి. పక్కన 5 సెం.మీ. వెడల్పు పట్టీ మిగులుతుంది, దాన్ని పారేయకుండా ఇంకు పరీక్షకు ఉంచుకోండి.

వంగిన కార్డ్‌షీట్‌ను పుస్తకాల కింద రాత్రంతా పెట్టి చదును చేయండి. కూలర్ ఉన్న గదిలో పని చేస్తే కాగితాన్ని కూడా ముందు నుంచే ఆ గదిలో ఉంచండి. పొడి గదిలోంచి తెచ్చిన కాగితం కూలర్ తేమకు అరగంటలో మెలి తిరుగుతుంది.

పని వరుస

పొద్దున 9 లోపు గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ కూర్చోండి. ఫ్యాను ఆపేయండి. కూలర్ గాలిలో తేమ ఇంకుకు మేలే, కానీ ఆ గాలి నేరుగా బల్ల మీదికి రాకూడదు. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి, చెమట చేతి మరక తెల్ల కార్డు మీద తర్వాత బయటపడుతుంది.

1. బండను తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. స్టాంపు ముఖాన్ని, కాగితం ముఖాన్ని సెలోటేపు జిగురు వైపుతో అద్ది దుమ్ము తీయండి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా ముద్రలో దాని చుట్టూ తెల్ల చుక్క పడుతుంది. ఎండాకాలం గాలిదుమారం తర్వాత ఇది తప్పనిసరి.

2. స్టాంపును ముఖం పైకి పెట్టండి. జారుతుంటే కింద రెండు వైపులా జిగురుండే టేపు చిన్న ముక్క వేయండి.

3. ప్యాడ్‌ను బోర్లించి స్టాంపు మీద తట్టండి. రుద్దకూడదు, లాగకూడదు. రుద్దితే గాడులు ఇంకుతో నిండుతాయి. 7 సెం.మీ. ప్యాడ్‌తో ఒక వరుస తట్టి, పక్క వరుస దాని మీద సగం ఎక్కేలా తట్టండి. ఆపైన ప్యాడ్‌ను అడ్డంగా తిప్పి ఇంకోసారి మొత్తం తట్టండి. మూలలకు విడిగా రెండేసి తట్లు.

4. స్టాంపును కొద్దిగా వంచి వెలుతురులో చూడండి. తడి మెరుపు అంతటా ఒకేలా ఉండాలి. మెరుపు లేనిచోట మళ్లీ తట్టండి. ఇంకు గుట్టగా కనిపిస్తే అక్కడ టిష్యూ ఒక్కసారి అద్ది తీయండి.

5. డై ఇంకు వాడుతూ మెరుపు తగ్గినట్టు అనిపిస్తే నోటితో స్టాంపు మీద నిండా ఆవిరి ఊదండి. ఊపిరి తేమకు ఇంకు మళ్లీ తడి పుంజుకుంటుంది. పిగ్మెంట్ ఇంకుకు ఇది అక్కర్లేదు.

6. కాగితాన్ని రెండు పక్కల పట్టుకుని కొద్దిగా కిందికి వంచండి. ముందు నడుమ తగలాలి. తర్వాత రెండు పక్కలూ మెల్లగా వదలండి. ఒకసారి తగిలాక జరపడానికి ప్రయత్నించవద్దు, జరిపితే నీడ ముద్ర పడుతుంది.

7. కాగితం మీద శుభ్రమైన ఏ4 కాగితం వేయండి. ఎడమ చేతి వేళ్లు ఒక మూల మీద కదలకుండా ఉంచండి. కుడిచేతి మూడు వేళ్ల మెత్తతో, జొన్నరొట్టె తట్టేటప్పుడు నడిమి నుంచి అంచులకు పోయినట్టు, నడుమ మొదలుపెట్టి బయటికి నొక్కుకుంటూ పోండి. ప్రతిచోటా నేరుగా కిందికి నొక్కి, లేపి, పక్కకు వెళ్లాలి. ఈడ్చకూడదు. మూలలకు బొటనవేలు వాడండి. 11×14 స్టాంపుకు ఇది ఒక నిమిషం పని, తొందర వద్దు.

8. ఎడమ చేయి తీయకుండా ఎదుటి మూల ఎత్తి తొంగిచూడండి. ముద్ర ఎక్కడైనా పలచగా ఉంటే కాగితాన్ని జాగ్రత్తగా తిరిగి దించి అక్కడ మళ్లీ నొక్కండి. మూల గట్టిగా పట్టుకుని ఉన్నంతవరకూ అది సరిగ్గా అదే చోట పడుతుంది.

9. ఒక మూల నుంచి ఐమూలగా, ఒకే ఊపులో, నిదానంగా ఒలిచి తీయండి.

చపాతీ కర్రతో నొక్కమని కొందరు చెబుతారు. బ్రేయర్ అనే రబ్బరు రోలరు ఫరవాలేదు గానీ చపాతీ కర్ర నడుమ ఉబ్బుగా ఉంటుంది కాబట్టి అంచులకు తగలదు, పైగా దొర్లేటప్పుడు కాగితాన్ని తోస్తుంది. లావు గీతల డిజైనుకు రోలరు, సన్నటి గీతలకు వేళ్లు.

ముద్ర చూసి తప్పు పట్టడం

నడుమ పలచగా, అంచులు బాగుంటే ఒత్తిడి చాలలేదు. అంతటా పొడిపొడిగా, చుక్కలు చుక్కలుగా ఉంటే ఇంకు ఆరిపోయింది లేదా ప్యాడ్ ఎండింది. మిగులు పట్టీ మీద ప్యాడ్‌నే నేరుగా అద్ది చూడండి, అక్కడా చుక్కలుగా పడితే ప్యాడ్‌కు ఇంకు వేయాలి. గీతలు లావెక్కి పూడుకుపోతే ఇంకు ఎక్కువైంది: స్టాంపు కడిగి, ఆరబెట్టి, సగం తట్లతో మళ్లీ మొదలుపెట్టండి. ఒక వైపు మాత్రమే రెండు గీతలు కనిపిస్తే కాగితం జరిగింది, ఎడమ చేయి సరిగా ఆనలేదు.

ప్రతిసారీ అదే చోట, అదే ఆకు పలచగా పడితే ఇంకూ ఒత్తిడీ ఎంత పెంచినా లాభం లేదు. అక్కడ స్టాంపు మందం తక్కువ. దీనికి పాత లెటర్‌ప్రెస్ వాళ్లు మేక్‌రెడీ అనే పని చేసేవాళ్లు, అదే ఇక్కడా చేయాలి. పలచగా పడిన ముద్రలోంచి ఆ భాగం ఆకారాన్ని ట్రేసింగ్ పేపరు మీద ఎత్తి, కొద్దిగా లోపలికి కత్తిరించి, స్టాంపు వెనక సరిగ్గా ఆ చోట టేపుతో అంటించండి. ఒక ముద్ర తీసి చూడండి. చాలకపోతే మొదటిదానికంటే చిన్న ముక్కను ఇంకొకటి వేయండి. ఒకే పెద్ద మందం ముక్క వేస్తే దాని అంచు గీతలా ముద్రలో తేలుతుంది, అందుకే పలచటి పొరలు మెట్లుమెట్లుగా వేయాలి. చెక్క పిడి స్టాంపుకు అడుగున పొర వేసినా లోపలి పల్లం లేవదు. దానికైతే స్టాంపు మీద పరిచిన కాగితం వీపున ఆ పొర పెట్టి నొక్కాలి.

నిండు రంగు ఎక్కువగా ఉండే డిజైన్లు, అంటే గీతల కంటే పూసిన భాగం ఎక్కువ ఉన్నవి, ఒక్క ముద్రలో నిండడం కష్టం. వీటికి మిస్టి లాంటి స్టాంపింగ్ ప్లాట్‌ఫారం నిజంగా ఉపయోగం. కాగితం అయస్కాంతాలతో పెట్టెలో, స్టాంపు మూతకు అంటుకుని ఉంటాయి కాబట్టి మూత ఎన్నిసార్లు దించినా అదే చోట పడుతుంది. ఇంకు పెట్టి, మూత దించి, మూత మీద కూడా భాగం భాగంగా నొక్కి, తెరిచి, పలచటి చోట్ల మాత్రమే మళ్లీ ఇంకు పెట్టి దించండి. రెండు మూడు సార్లకు నిండుతుంది. గీతల డిజైన్లకు అది లేకపోయినా నష్టం లేదు.

బ్యాక్‌గ్రౌండు మీద రాత రాయాలంటే ముద్ర లేతగా ఉండాలి. ఇంకు పెట్టిన స్టాంపుతో ముందు చిత్తు కాగితం మీద ఒక ముద్ర తీసి, మళ్లీ ఇంకు పెట్టకుండా వెంటనే అసలు కార్డు మీద రెండో ముద్ర వేయండి. ఎండాకాలంలో ఇది పిగ్మెంట్ ఇంకుతోనే కుదురుతుంది.

ఎంబాసింగ్ చేసేవాళ్లకు

వెర్సామార్క్ లాంటి జిగట ఇంకుతో ముద్ర వేసి, వేడికి కరిగే ఎంబాసింగ్ పొడి చల్లి, హీట్ గన్‌తో కరిగిస్తే బంగారు రంగు ఉబ్బెత్తు లతలు వస్తాయి. పొడిగాలిలో కార్డుకు స్థిర విద్యుత్తు ఎక్కువగా పడుతుంది, దాంతో పొడి అవసరం లేనిచోటా అంటుకుంటుంది. ముద్ర వేయకముందే, పలచటి బట్టలో మూట కట్టిన టాల్కం పౌడరును కార్డంతా ఒకసారి అద్ది, ఎక్కువైనది దులిపేయండి. ముద్ర తీసిన వెంటనే పొడి చల్లాలి. హీట్ గన్ ముందు అర నిమిషం వేడెక్కనిచ్చి, కార్డు కింది వైపు నుంచి చూపితే పొడి ఎగరదు, కార్డు తక్కువ వంగుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుకు ఆ వేడి చాలదు, గాలికి పొడి ఎగిరిపోతుంది.

కడగడం, దాచడం

పని కాగానే కడగాలి. డై, పిగ్మెంట్ ఇంకులకు తడిగుడ్డ, గాడుల్లో మెత్తటి టూత్‌బ్రష్ చాలు. నూనె ఉన్న ఇంకులకు రెండు చుక్కల పాత్రలు తోమే ద్రావణం కలపండి. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకులకు దాని క్లీనరే కావాలి, కానీ ఆ క్లీనర్లు పారదర్శక స్టాంపులను దెబ్బతీయవచ్చు కాబట్టి సాల్వెంట్ ఇంకును ఎర్ర రబ్బరుకే వాడండి. చెక్క పిడినీ, వెనక ఫోమ్‌నూ నీళ్లలో నానబెట్టవద్దు. మన బోరునీళ్లు గట్టివి, ఆరితే స్టాంపు ముఖం మీద తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, అది తర్వాతి ముద్రలో ఇంకును పట్టనివ్వదు. చివరి తుడుపు ఫిల్టరు నీళ్లతో చేసి, నూలు పోగులు రాలని గుడ్డతో ఒత్తి, నీడలో ఆరబెట్టండి.

ఎండలో పెడితే పారదర్శక స్టాంపు పసుపెక్కి పెళుసవుతుంది, రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. రేకుల గదిలో, మిద్దె మీది గదిలో, కిటికీ పక్క అల్మారాలో వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో కింది అరలో, పడుకోబెట్టి, ఒక్కో స్టాంపుకు నడుమ నున్నటి ప్లాస్టిక్ షీటు వేసి ఉంచండి. నిలబెట్టి దాస్తే వేడికి మెత్తబడి అడుగు అంచు వంగుతుంది, ఆ వంపు మళ్లీ పోదు. ఇంకు ప్యాడ్‌లను మూత బిగించి, జిప్ కవరులో పెట్టి, తలకిందులుగా అదే అరలో పెట్టండి.